సిస్టర్‌తో చెప్పిన మాట కేస్ షీట్‌లోకి ఎక్కాలి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖల కార్యదర్శులకు, రెండు రాష్ట్రాల నర్సింగ్ కౌన్సిళ్ల పెద్దలకు,

నమస్కారం.

నేను ఐసీయూలో పనిచేసే స్టాఫ్ నర్సుని. ఇక కోలుకునే దారి లేదని తేలిన రోగికి వెంటిలేటర్ కొనసాగించాలా, ఆపాలా అని నిర్ణయించే పద్ధతి మన దేశంలో ఇప్పుడు కాగితం మీద స్పష్టంగానే ఉంది. ఆ కాగితంలో డాక్టర్లు ఉన్నారు, బంధువులు ఉన్నారు, మెజిస్ట్రేటు ఉన్నారు. రాత్రింబవళ్లు ఆ మంచం పక్కన నిలబడే నర్సు మాత్రం లేదు. ఆ లోటు సరిదిద్దమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆఫీసు దారిలో పంపకుండా బహిరంగంగా రాయడానికి కారణం, ఇది నర్సుల జీతాల గొడవో బదిలీల గొడవో కాదు. ఏదో ఒక రోజు ప్రతి ఇంటికీ వచ్చే సంగతి.

మీకు తెలిసిన చట్టమే అయినా, చదివే మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కామన్ కాజ్ కేసులో తీర్పు చెప్పింది. ఇక కోలుకోలేని స్థితి వస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో తెలివిలో ఉన్నప్పుడే మనిషి తన కోరికను లివింగ్ విల్‌గా రాసి పెట్టుకోవచ్చంది. అప్పుడు పెట్టిన పద్ధతి ఎంత చిక్కుగా ఉందంటే ఆచరించడమే కష్టమైంది. అందుకే 2023 జనవరి 24న అదే కోర్టు దాన్ని సడలించింది. ఇప్పుడు నోటరీ ముందుగానీ గెజిటెడ్ అధికారి ముందుగానీ ఇద్దరు సాక్షులతో రాసుకుంటే చాలు. ఆసుపత్రిలో వైద్యం చేస్తున్న డాక్టరు, ఐదేళ్ల అనుభవమైనా ఉన్న మరో ఇద్దరు నిపుణులు కలిసి ప్రైమరీ బోర్డు. జిల్లా వైద్యాధికారి పంపే డాక్టరుతో కలిపి ఇంకో ముగ్గురు సెకండరీ బోర్డు. చికిత్స ఆపొచ్చా లేదా అన్నదాని మీద ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో తన అభిప్రాయం చెప్పాలి. అమలు చేసేముందు మెజిస్ట్రేటుకి తెలియజేయాలి. లివింగ్ విల్ లేని రోగికీ ఇదే దారి, కాకపోతే అక్కడ దగ్గరి బంధువుల సమ్మతిని రాతలో తీసుకోవాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2024లో దీని మీద మార్గదర్శకాల ముసాయిదా ప్రజల ముందు పెట్టింది. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం ఈ తీర్పు అమలుకు ఉత్తర్వు ఇచ్చింది.

ఇక క్షేత్రంలో జరిగేది చెబుతాను.

నేను పనిచేసిన వార్డుల్లో లివింగ్ విల్ చేతబట్టుకుని వచ్చిన కుటుంబాన్ని ఒక్కదాన్ని కూడా చూడలేదు. మన ఊళ్లలో పొలం కాగితాలు జాగ్రత్తగా ట్రంకు పెట్టెలో దాచుకుంటారు, బంగారం ఏ కోడలికి ఎంతో ముందే చెప్పుకుంటారు. చావు ఎలా రావాలో మాత్రం నోటరీ దగ్గరికి వెళ్లి రాయించుకోరు. అంటే మన దగ్గర రోగి కోరిక ఉండేది నోటి మాటగానే. ఆ మాట ఎవరితో చెబుతారు? ఎప్పుడు చెబుతారు? ఈ రెండు ప్రశ్నలకి జవాబు ఆలోచిస్తే నేనడిగేది మీకు వెంటనే బోధపడుతుంది.

ఒకావిడ సంగతి చెబుతాను. ఆమె ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. పత్తి చేలో పనిచేసిన మనిషి, అరవై దాటినావిడ. క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది. అప్పటికే ఒకసారి గొంతులో ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద పెట్టి, కాస్త తేరుకున్నాక తీశారు. మళ్లీ ఆయాసం మొదలైతే ముఖం మీద బిగించి గాలి పంపే బైపాప్ మాస్కు పెట్టారు. ఆ మాస్కు గట్టిగా బిగించాలి, లేకపోతే గాలి పక్కకి పోతుంది. బిగిస్తే ముక్కు దూలం మీద చర్మం చితుకుతుంది. రాత్రి మూడు గంటలప్పుడు డ్రెస్సింగ్ ముక్క మార్చడానికీ, నోరు తడపడానికీ ఆ మాస్కు కొద్ది నిమిషాలు తీశాను. గాజుగుడ్డ తడిపి పెదాలు తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "సిస్టరమ్మా, మళ్లా ఆ గొట్టం వెయ్యనియ్యకు. మావోడు చేను అమ్ముతానంటుండు. నేనెట్లాగు పోయేదాన్నే. నొప్పి లేకుండ చూడున్రి, చాలు" అంది. కొడుకుతో చెప్పమ్మా అన్నాను. "వాడి ముందల ఎట్లంట? వాడు ఏడుస్తడు" అంది.

ఆ మాటలు నర్సెస్ రికార్డులో సమయం వేసి, ఆమె అన్నది అన్నట్టే రాశాను. డ్యూటీ డాక్టరుతో చెప్పాను. అటెండర్లతో, అంటే ఇంటివాళ్లతో, మాట్లాడాలి, పొద్దున కన్సల్టెంట్ చూసుకుంటారు అన్నారు. తప్పుగా ఏమీ అనలేదు, ఆయన చేతిలో అంతకంటే అధికారం లేదు. పొద్దున హ్యాండోవర్‌లో డే డ్యూటీ సిస్టర్‌కి చెప్పాను. రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరు చదివేది డాక్టర్ల నోట్సు. నర్సెస్ రికార్డు విడి ఫైలు. దాన్ని తెరిచేది ఎప్పుడో కోర్టు కేసు పడినప్పుడు. మరుసటి రాత్రి ఆక్సిజన్ పడిపోయింది. ట్యూబ్ వెయ్యాలా అని కొడుకుని అడిగితే ఒగురుస్తున్న తల్లిని చూస్తూ ఎవరు మాత్రం వద్దంటారు? సంతకం పెట్టాడు. ట్యూబ్ వేశాక ఆమె దాన్ని లాక్కోబోయింది. లాక్కోకుండా రెండు చేతులూ మంచం ఊచలకి బ్యాండేజీతో కట్టారు. ముందురోజు రాత్రి నన్ను పట్టుకున్న చెయ్యి అది.

ఆమె పోయాక ఆ అబ్బాయి, "మా అమ్మ ఏమైనా అన్నదా సిస్టర్?" అని అడిగాడు. చెప్పాను. "మరి నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పే పని ఫలానా వాళ్లదని ఆ ఆసుపత్రిలోనే కాదు, ఎక్కడా రాసి లేదు.

ఐసీయూలో చేసినవాళ్లెవరిని అడిగినా ఇలాంటివి చెబుతారు. మనుషులు తమ చావు గురించి మాట్లాడేది రౌండ్స్‌లో పదిమంది చుట్టూ నిలబడ్డప్పుడు కాదు. పిల్లల ముందు అసలే కాదు, వాళ్ల గుండె ఆగిపోతుందని భయం. వీపు తుడిచేటప్పుడు, పక్కకి తిప్పేటప్పుడు, జడ విప్పి చిక్కు తీసేటప్పుడు మాట్లాడతారు. మేం వాళ్లకి చుట్టాలం కాదు కనుక, మళ్లీ రేపు కనిపిస్తాం కనుక మాతో అంటారు. కొందరు చావనివ్వమంటారు. కొందరు "మనవరాలి ఓణీల ఫంక్షన్ దాకా ఎట్లైనా బతికించండి, ఏ గొట్టం వేసినా సరే" అంటారు. రెండూ వాళ్ల కోరికలే. రెండింటికీ చేరాల్సిన చోటికి చేరే దారి ఉండాలి.

కాబట్టి నా మొదటి విన్నపం ఇది. ప్రాణాధార చికిత్స ఆపే విషయంలో మీరు ఇవ్వబోయే ఏ ఉత్తర్వులోనైనా, ప్రైమరీ బోర్డు నిర్ణయం తీసుకునే ముందు ఆ రోగిని చూసుకున్న నర్సుల్ని పిలిచి అడగాలని, వాళ్లు చెప్పింది మినిట్స్‌లో రాయాలని ఒక వాక్యం చేర్చండి. దానితోపాటు కేస్ షీట్‌లో, డాక్టర్ల నోట్సు ఉన్న చోటే, "రోగి తన వైద్యం గురించి అన్న మాటలు" అని ఒక పేజీ పెట్టించండి. ఎవరు విన్నారు, ఏ తేదీన, ఎన్ని గంటలకి, అప్పుడు రోగి తెలివిగా ఉన్నారా, మత్తు మందు మీద ఉన్నారా. అది లివింగ్ విల్‌తో సమానం కాదని నాకు తెలుసు. కానీ లివింగ్ విల్ లేనప్పుడు బంధువుల్ని అడిగేది కూడా "ఆమె అయితే ఏం కోరుకునేది?" అనే కదా. దానికి జవాబు ఆమె నోటి నుంచే వచ్చి, రాసి ఉన్నప్పుడు, చదవకుండా ఎలా వదిలేస్తాం?

ఇక్కడ అరుణా షాన్‌బాగ్ సంగతి గుర్తుచేయాలి. ఆవిడ మా వృత్తి మనిషి. ముంబైలోని కేఈఎం ఆసుపత్రిలో నర్సు. 1973 నవంబరు 27న అదే ఆసుపత్రిలో వార్డుబాయ్ చేసిన దాడిలో మెదడు దెబ్బతిని, 2015 మే 18న న్యుమోనియాతో చనిపోయేదాకా, దాదాపు 42 ఏళ్లు అక్కడే మంచం మీద ఉంది. ఆమెకి ఆహారం ఆపి పోనివ్వాలని వేసిన పిటిషన్ మీద 2011 మార్చి 7న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన దేశంలో పాసివ్ యుథనేషియాకి, అంటే ప్రాణాధార చికిత్స ఆపి మనిషిని పోనివ్వడానికి, మొదటిసారి దారి తెరిచింది ఆ తీర్పే. కానీ అరుణ విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. ఆమె తరఫున మాట్లాడే హక్కు ఎవరిది అన్న ప్రశ్న వచ్చినప్పుడు, పిటిషన్ వేసిన రచయిత్రిది కాదు, అన్నేళ్లూ కడిగి, తినిపించి, చూసుకున్న కేఈఎం సిబ్బందిదే అని కోర్టు చెప్పింది. తరాలు మారినా నర్సులు ఆమెకి పడక పుండు పడనివ్వలేదని కోర్టు మెచ్చుకుంది.

ఆ నర్సుల నిర్ణయం సరైందా కాదా అన్నదాని మీద మా స్టాఫ్ రూములోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఆమెని అలా ఉంచడం కంటే పోనిస్తే బాగుండేదని నాకనిపిస్తుంది. నాతో పనిచేసే సీనియర్ సిస్టర్ ఒకరు అస్సలు ఒప్పుకోరు, "నీ చేతుల మీద పెరిగిన పాపని వదిలేస్తావా?" అంటారు. ఆ వాదన ఎటు తేలినా నేను పట్టుకునేది ఒక్కటే. రోజూ ఆ శరీరాన్ని చూసుకునే వాళ్లకి ఆ మనిషి గురించి మిగతావాళ్లకి తెలియనిది తెలుస్తుందని దేశపు అత్యున్నత న్యాయస్థానం 2011లోనే ఒప్పుకుంది. ఆ తర్వాత ఏడేళ్లకి పద్ధతి రాసినప్పుడు మాత్రం నర్సు ఊసే లేదు. 2023లో సడలించినప్పుడు కూడా ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. కోర్టు తీర్పుని మీరు మార్చలేరు, నిజమే. కానీ తీర్పు నర్సుని పిలవొద్దని ఎక్కడా అనలేదు. రాష్ట్రం రాసుకునే ఉత్తర్వులో చేర్చుకోవడానికి అడ్డేమీ లేదు.

నిర్ణయం మా చేతికివ్వమని నేను అడగడం లేదు. ఆ బరువు మోయడం డాక్టర్లకే కష్టం. రోగం ఎంత ముదిరిందో, మందులకి లొంగుతుందో లేదో తేల్చేది వాళ్ల చదువు. మేం అడిగేది సాక్ష్యం చెప్పే చోటు. ఇది రోగికి ఒక రక్షణ కూడా, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

వైద్యం ఆపండి అని కుటుంబం అన్నప్పుడు ఆ మాట వెనక ఏముందో బోర్డులో కూర్చున్న నిపుణుడికి తెలిసే అవకాశం తక్కువ. మాకు తెలుస్తుంది. రాత్రి పదకొండింటికి బిల్లు చూసుకుని మెట్ల మీద కూర్చున్న అల్లుడిని మేం చూస్తాం. మెడలో నల్లపూసలు మాత్రమే మిగిలిన కూతురిని చూస్తాం. ఆవిడ వద్దందని వీళ్లు వద్దంటున్నారా, చేతిలో డబ్బయిపోయి వద్దంటున్నారా అన్న తేడా చాలా పెద్దది. మొదటిదాన్ని గౌరవించాలి. రెండోదానికి ప్రభుత్వాసుపత్రిలో మంచం చూడాలి, సోషల్ వర్కర్‌ని పిలవాలి. ఇంకొకటి చెప్పక తప్పదు. ముసలాయన విషయంలో పది రోజులు పోరాడే ఇల్లు, ముసలావిడ విషయంలో మూడో రోజుకే "ఇంక చాలు" అనడం మేం చూశాం. అన్ని ఇళ్లూ అలాంటివి కావు. కానీ ఉన్నాయి. సంతకాలన్నీ సరిగ్గా ఉన్న ఫైలులో ఇది కనపడదు. నర్సుని అడిగితే తెలుస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగిన పరిస్థితి కూడా మన తెలుగిళ్లలో మామూలే. "అన్నయ్య డల్లాస్ నుంచి ఎల్లుండి దిగుతాడు, అప్పటిదాకా ఉంచండి సిస్టర్." ఆ రెండు రోజులూ నార్ అడ్రినలిన్ డోసు పెంచుతూ పోతాం. బీపీ నిలుస్తుంది, కానీ ఆ మందు ఎక్కువైతే రక్తం చివరలకి చేరక వేళ్ల కొసలు నల్లబడతాయి. కాళ్ల వేళ్లు ముందు, తర్వాత చేతివి. వచ్చిన కొడుక్కి ఆ వేళ్లు కనపడకుండా దుప్పటి కప్పడం కూడా మేమే చేస్తాం. ఆ కొడుకుని నేను తప్పుపట్టను. టికెట్ దొరక్క, దొరికినా మధ్యలో ఎక్కడో ఆగి, ఫోన్ పట్టుకుని ఎంత నలిగిపోయి వస్తాడో ముఖం చూస్తే తెలుస్తుంది. కానీ ఆ రెండు రోజులు నాన్న శరీరానికి ఏమవుతుందో ముందే ఎవరైనా వీడియో కాల్‌లో నిదానంగా చెబితే, చాలామంది "వద్దు, నన్ను చూడనక్కర్లేదు, బాధపెట్టకండి" అంటారు. అనడం నేను విన్నాను. కుటుంబంతో మాట్లాడే సమావేశంలో నర్సు ఉండాలని అడగడానికి ఇదొక కారణం. మందుల పేర్లు డాక్టరు చెబుతారు, మంచం మీద ఏం జరుగుతోందో మేం చెప్పగలం.

ఇప్పుడు నోటి మాట ఆర్డర్ల గురించి. ఇది మమ్మల్ని చట్టం ముందు నిలబెట్టే సంగతి. గుండె ఆగితే సీపీఆర్ (ఛాతీ నొక్కి గుండెని మళ్లీ కొట్టించే ప్రయత్నం) చెయ్యొద్దని కుటుంబం డాక్టరుతో అనుకుంటుంది. ఎక్కడా రాయరు. రాస్తే ఏమవుతుందో అని అందరికీ భయం. రాత్రి గుండె ఆగుతుంది. మంచం దగ్గర ఉండేది నర్సు. చేస్తే, కుటుంబం వద్దన్న పని చేసినట్టు, పెళుసైన ఎముకలున్న ముసలివాళ్ల పక్కటెముకలు విరగ్గొట్టినట్టు. చెయ్యకపోతే, ఆర్డర్ లేకుండా మనిషిని వదిలేసినట్టు. "చేసినట్టు చెయ్యండి" అనే మాట ఈ భయంలోంచే పుట్టింది. పైపైన నాలుగు నొక్కులు నొక్కి టైము రాయడం. నర్సుగా నాకు ఇంతకంటే అవమానకరమైన పని ఇంకోటి లేదు. చచ్చిపోతున్న మనిషి ఛాతీ మీద నాటకం అది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లోనే సీపీఆర్ చెయ్యకూడదన్న నిర్ణయం ఎలా తీసుకోవాలో, ఎలా రాయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ప్రతి ఆసుపత్రిలో ఫారంగా పెట్టించండి. రాసిన ఆర్డర్ లేకుండా నోటి మాట మీద నర్సు ఏదీ ఆపనక్కర్లేదని, అలా నిరాకరించినందుకు ఆమె మీద చర్య తీసుకోకూడదని స్పష్టంగా చెప్పండి.

వెంటిలేటర్ తీసేయాలని పద్ధతి ప్రకారం తేలిన తర్వాత ఏం జరుగుతుందన్నది బయటివాళ్లు ఊహించుకునేది వేరు. స్విచ్ ఆపేసి అందరూ వెళ్లిపోతారనుకుంటారు. అసలు మా పని అప్పుడు పెరుగుతుంది. ముందుగా మానిటర్ అలారం శబ్దాలు ఆపాలి. ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబ్ ఫీడ్ ఆపాలి. ట్యూబ్ తీసేలోపు నోరు, గొంతు సక్షన్ చేసి శుభ్రం చెయ్యాలి, లేకపోతే తెమడ గరగరమని ఆ శబ్దం ఇంటివాళ్ల చెవుల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. తెమడ ఊరకుండా గ్లైకోపైరోలేట్, ఆయాసానికీ నొప్పికీ మార్ఫిన్, కంగారుకి మిడజోలం ముందే సిరంజిలో సిద్ధంగా ఉండాలి. ట్యూబ్ తీశాక మనిషి ఒగురుస్తుంటే అప్పుడు డ్యూటీ డాక్టరు కోసం ఫోన్లు చేస్తూ కూర్చోకూడదు. అందుకే డోసు ఎంత, ఏ లక్షణం కనిపిస్తే ఎన్ని నిమిషాలకి మళ్లీ ఇవ్వాలి అన్నది ముందే రాసి, సంతకం పెట్టి ఉండాలి.

మార్ఫిన్ అంటే ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో వణుకుతారు. ఇస్తే ప్రాణం పోతుందని కుటుంబానికి భయం, కేసు అవుతుందని డాక్టరుకి భయం, రిజిస్టర్‌లో లెక్క తప్పితే తన మీదికొస్తుందని నర్సుకి భయం. ఆయాసానికి తగిన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ చంపడానికి ఇచ్చేది కాదు. ప్రాణం తీయడానికి ఇంజెక్షన్ ఇవ్వడం మన దేశంలో నేరం, ఎవరూ దాన్ని అడగడం లేదు. మత్తుమందుల చట్టానికి 2014లో చేసిన సవరణ వైద్యానికి వాడే మార్ఫిన్ విషయంలో లైసెన్సుల చిక్కు తగ్గించింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం (నయంకాని రోగుల బాధ తగ్గించే విభాగం) నర్సులు మార్ఫిన్ ఎలా ఇస్తున్నారో ఏ జిల్లా ఆసుపత్రి సిబ్బందైనా వెళ్లి చూడొచ్చు. చూసొచ్చాక భయం పోతుంది.

ఆ గంటలో కుటుంబం దగ్గర ఉండాలి. విజిటింగ్ అవర్స్ అని బయట నిలబెట్టకూడదు. తులసి తీర్థం పోస్తామంటారు. మింగలేని మనిషికి పోస్తే పొలమారుతుంది కనుక, దూదితో పెదవుల మీద అద్దమని చూపిస్తాం. చెవిలో కలిమా చెప్పుకుంటామంటారు, ఫాదర్‌గారిని పిలుస్తామంటారు. చాలా చోట్ల ఇవన్నీ ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సు మంచితనం మీద ఆధారపడి ఉన్నాయి. హక్కుగా ఉండాల్సినవి దయగా ఇవ్వాల్సి రావడం నాకు బాధ.

చోటు గురించి కూడా ఒక మాట. ఇంటికి తీసుకెళ్లి పోనిద్దాం అని ఎంతమంది అనుకున్నా, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి ఆ భాగ్యం లేదు. శవాన్ని గుమ్మం ఎక్కనివ్వం అనే యజమానులు మన పట్టణాల్లో ఇంకా ఉన్నారు. అందుకే కొన ఊపిరితో ఉన్న మనిషిని అంబులెన్సులో ఎక్కించి, "డాక్టర్లు వద్దన్నా తీసుకెళ్తున్నాం" అని కాగితం మీద సంతకం పెట్టి, ఊపిరి అందించే అంబూ బ్యాగ్ చేత్తో నొక్కుకుంటూ నూటయాభై కిలోమీటర్ల దూరంలోని సొంతూరికి బయల్దేరతారు. దాన్ని మేం లామా అంటాం. మన దగ్గర వైద్యం ఆపడం అనేది ఎక్కువగా ఈ లామా కాగితం వెనకే జరుగుతోంది. నొప్పి మందు లేదు, దారిలో ఏమైతే ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు లేరు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక్క గది, తలుపు వేసుకునే వీలున్నది, పక్కన నలుగురు కూర్చునే కుర్చీలున్నది, ఇందుకోసం కేటాయించండి. దీనికి కోట్ల రూపాయలు అక్కర్లేదు. ఇంటికే వెళ్లేవాళ్లకి మందులు రాసిచ్చి, ఆ ఊరి దగ్గరి పాలియేటివ్ బృందానికి కబురు చెయ్యండి. తెలంగాణలో ఆలన అనే పాలియేటివ్ సేవ వాహనాల్లో ఇళ్లకి తిరిగే నర్సులు ఉన్నారు. కేరళలో 2008లో పాలియేటివ్ విధానం తెచ్చాక ఊరూరా ఇంటింటికీ వెళ్లే పనిలో ముందు నిలిచింది నర్సులే. ఐసీయూకీ ఆ బృందాలకీ మధ్య ఫోన్ నంబరు కూడా లేకపోవడమే ఇప్పటి లోటు.

నర్సింగ్ కౌన్సిళ్ల పెద్దలకు విడిగా రెండు మాటలు.

అంతర్జాతీయ నర్సుల మండలి నీతి నియమావళిని 2021లో సవరించినప్పుడు, బాధ తగ్గించడంతో పాటు గౌరవమైన మరణానికి తోడ్పడటాన్ని కూడా నర్సు మౌలిక బాధ్యతల్లో చేర్చింది. మన పిల్లలకి నర్సింగ్ కాలేజీల్లో మరణం గురించి నేర్పేది ఎక్కువగా పోయిన తర్వాత చేసే పని: కళ్లు మూయడం, దవడ కట్టడం, ట్యాగు వేయడం. పోకముందు "మా నాన్న బతుకుతాడా సిస్టర్?" అని అడిగితే ఏం చెప్పాలో నేర్పరు. అందుకే అందరం "డాక్టర్‌గారిని అడగండి" అని తప్పుకుంటాం. రోగ నిర్ణయం చెప్పడం మా పని కాదు, నిజమే. కానీ "మీకేం భయంగా ఉందో చెప్పండి", "ఆయన ఇదివరకు దీని గురించి ఏమైనా అనేవారా?" అని అడగడం నేర్చుకోవచ్చు. ఇది ప్రాక్టికల్స్‌లో, పరీక్షలో ఉండాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి శిక్షణ ఇవ్వాలి, అదీ డ్యూటీ సమయంలోనే, నైట్ దిగినవాళ్లని కూర్చోబెట్టి కాదు.

రెండోది, మనస్సాక్షి. ట్యూబ్ తీసే పనిలో చెయ్యి పెట్టలేనని చెప్పే నర్సులు ఉంటారు. వాళ్ల నమ్మకం అది. ఆ షిఫ్టుకి ఆమెకి వేరే మంచం ఇవ్వాలి, ఇంకొకరు రావాలి, రోగి సంరక్షణ మాత్రం ఒక్క నిమిషం ఆగకూడదు. ఇది కౌన్సిల్ రాతపూర్వకంగా చెప్పాల్సిన విషయం. ఎందుకంటే ఐసీయూల్లో పనిచేసేవాళ్లలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పిల్లలు చాలామంది. రెన్యువల్ ఎవరి చేతిలో ఉందో వాళ్ల ముందు "నేను చెయ్యలేను" అనడం గానీ, "ఆవిడ వద్దంది సార్" అనడం గానీ వాళ్ల వల్ల కాదు. బోర్డు నర్సుని పిలిచి అడగాలని ఉత్తర్వులో ఉంటే, ఆ పిల్ల ధైర్యం చేసి చెప్పాల్సిన అవసరం పోతుంది. అడిగినదానికి జవాబు చెబితే చాలు.

వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి షిఫ్టుకి ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ కొలతే. నలుగురిని ఒక్కతే చూసుకునే చోట ఎవరి మాట వినే తీరిక ఉంటుంది? నేను పైన అడిగినవన్నీ ఈ ఒక్కదాని దగ్గరే ఆగిపోగలవు. ఖాళీలు నింపకుండా ఇచ్చే ఉత్తర్వు వల్ల కేస్ షీట్‌లో ఒక పేజీ పెరుగుతుంది, అది ఖాళీగానే ఉంటుంది.

ఉత్తర్వు ముసాయిదా సిద్ధమైతే దాన్ని జిల్లా ఆసుపత్రుల నర్సింగ్ సూపరింటెండెంట్ల ద్వారా ఐసీయూ, క్యాన్సర్, డయాలిసిస్ వార్డుల స్టాఫ్ నర్సులకి తెలుగులో పంపించండి. సంతకం అయ్యాక కాదు, ముందే. చదివి అభిప్రాయం రాయడానికి నెల రోజుల గడువు ఇవ్వండి. కాంట్రాక్టు నర్సులు పేరు రాయకుండా పంపే వీలు ఉంచండి.

ఇట్లు,
ఒక ఐసీయూ స్టాఫ్ నర్సు